అయిదు జీడిపప్పుల సిద్ధాంతం

మా వంశంలో పుస్తకం చదివి చెడిపోయినవాడు ఒక్కడే. చదవక చెడిపోయినవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, వాళ్లు ఎవరి కొంపా ముంచలేదు. ఎవరి మానాన వాళ్లు చెడి ఊరుకున్నారు. నేను అలా కాదు. నాలుగు వందల పేజీల పుస్తకంలో మూడు వందలు చదివి, ఆ బలంతో మా నాన్ననూ ఆయన సొంత అన్ననూ శాశ్వతంగా విడదీసేంత పని చేశాను. ఆయుధం అడుగుతారేమో. అయిదు జీడిపప్పులు.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉన్న రోజులు. నాకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం రాలేదు. మెట్టుగూడలో మా ఇంటి ముందుగదిలో కుర్చీకి నేను, నాకు కుర్చీ అన్నట్టు కాలం గడుస్తోంది. అలాంటప్పుడు ఒక ఆదివారం స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం దొరికింది. అప్పట్లో ఆఫీసుకు వెళ్లే ప్రతివాడి సంచిలోనూ అది ఉండేది. లోకంలో ఏది ఎప్పుడు జరుగుతుందో ఎవడూ చెప్పలేడనీ, మనిషి బుర్ర మాత్రం సంబంధం లేని రెండు సంగతుల్ని ముడేసి కథ అల్లుకుంటుందనీ అందులో సారాంశం. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలినందుకే పడిందని మనం అనుకుంటాం. మన పెద్దలు దీన్ని కాకతాళీయం అని ఒక్క మాటలో తేల్చి భోజనానికి వెళ్లిపోయారు. ఇంగ్లీషులో నాలుగు వందల పేజీలు పట్టింది. అయినా ఇంగ్లీషులో చెబితే తప్ప మనకు నమ్మకం కుదరదు కదా.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు ఏమన్నా నా దగ్గర ఒకటే జవాబు.

"ఒరేయ్, గొడుగు పట్టుకెళ్లు. నువ్వు మర్చిపోయిన రోజే వాన పడుతుంది," అనేది అమ్మ.

"అది కాకతాళీయం అమ్మా. గొడుగు మర్చిపోయినా తడవని రోజులు నువ్వు లెక్కలోకి తీసుకోవు."

"సరే నాయనా, తడిసి రా."

తడిసి వచ్చేవాణ్ని. ఇదీ కాకతాళీయమే అని తుమ్ముల మధ్య వివరించేవాణ్ని.

"వీడికి ఉద్యోగం వచ్చేదాకా ఆ పుస్తకం ఎక్కడైనా దాచెయ్యండి," అని అమ్మ నాన్నతో మొరపెట్టుకుంది.

"రాకపోవడం కూడా కాకతాళీయమేనట," అన్నారు నాన్న, పేపరు దించకుండా.

ఇక కేకు దగ్గరికి వద్దాం. మా పెద్దనాన్న వాళ్లుండేది సికింద్రాబాద్‌లోనే, కార్ఖానా అనే పేటలో. నాన్నకు ఆయన ఒక్కడే అన్న. అమ్మ గుంటూరు వైపు అమ్మాయి, పెద్దమ్మ పుట్టి పెరిగిందే సికింద్రాబాద్‌లో. తోడికోడళ్లిద్దరికీ అన్నీ సరిపడేవి, ఒక్క క్రిస్మస్ కేకు తప్ప. అమ్మ నెలరోజుల ముందు నుంచి ఎండుద్రాక్షనూ చెర్రీలనూ ద్రాక్షరసంలో నానబెట్టేది. పెద్దమ్మ రమ్ములో నానబెట్టేది. పెద్దనాన్నకు మిలిటరీ క్యాంటీన్‌లో స్నేహితులున్నారు. జలుబుకని తెచ్చిన సీసా జలుబును చూడకుండానే కేకులోకి చేరేది.

అప్పటికి మూడేళ్ల కిందట చర్చి ఆడవాళ్ల క్రిస్మస్ టీకి ఇద్దరి కేకులూ ఒకే బల్ల మీదికి వచ్చాయి. "మా అక్క కేకు తింటే ప్రార్థన కూడా తూలుతుంది," అని అమ్మ పక్కావిడ చెవిలో అంది. పక్కావిడ చెవి చాలా పెద్దది. "మా చెల్లె కేకుతోని గోడ కట్టొచ్చు, సిమెంటు సుత అక్కర్లేదు," అని బల్ల అవతలి నుంచి జవాబొచ్చింది. అంతే, మాటల్లేవు. తోడికోడలి మీద కోపం కేకు మీద చూపించారని అనుకుంటాం గానీ, ఇక్కడ కోపం నిజంగా కేకు మీదే. అది ఇంకా ప్రమాదం.

నలిగిపోయింది అన్నదమ్ములు. అరవై ఏళ్లకు దగ్గరపడిన ఇద్దరు పెద్దమనుషులు ఇళ్లలో చెప్పకుండా ఇరానీ హోటల్లో కలుసుకుని, ఒక చాయ్ రెండు కప్పుల్లో పోసుకుని, వేరువేరు దార్లలో ఇళ్లకు చేరేవారు. ఇంటర్ చదివే ప్రేమజంటలకు కూడా అంతకంటే స్వేచ్ఛ ఉంటుంది. ఒకసారి నేను చూశాను. నాన్న గతుక్కుమని, "ఇదిగో, ఈయన ఎవరో దారి అడుగుతుంటే..." అన్నారు, సొంత అన్నను చూపిస్తూ.

ఆ ఏడాది నాన్న మూడేళ్ల బతిమాలుడికి అమ్మ కరిగింది. క్రిస్మస్ మర్నాడు పెద్దమ్మను టీకి పిలిచింది. పెద్దమ్మ సరేనంది. ఇదే ఆఖరి అవకాశమని నాన్న నాకు గట్టిగా చెప్పారు. "ఆరోజు నువ్వు నోరు విప్పకు. నీ పుస్తకం అసలే విప్పకు."

అమ్మ ఆ కేకు కోసం పడ్డ తపస్సు వర్ణించలేను. పిండి కలిపే రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు. మా వైపు ఇళ్లలో కేకు కలపడం వరకే మన పని. కాల్చడానికి డబ్బాలో పోసి బేకరీ బట్టీకి మోసుకెళ్తాం. మోండా మార్కెట్ వెనక గల్లీలో యాదగిరి అనే ఆయన బట్టీకి మా నానమ్మ కాలం నుంచీ వాడుక. డిసెంబరులో అక్కడ నలభై యాభై డబ్బాలు వరసలో ఉంటాయి. కాగితం మీద పేరు రాసి పెడితే కాలిపోతుంది కనుక, ప్రతి ఇంటికీ ఒక గుర్తు. కొందరు చెర్రీలతో గుండ్రంగా పెడతారు, కొందరు బాదంపప్పు నిలువుగా గుచ్చుతారు. అమ్మ అయిదు జీడిపప్పులు సిలువ ఆకారంలో పెట్టేది. పెద్దమ్మ ఏమీ పెట్టేది కాదు. "నా కేకు నాకు రంగు చూస్తే తెలుస్తది, గుర్తెందుకు," అనేది. డబ్బాలు మాత్రం ఇద్దరివీ ఒకటే. నానమ్మ కొని ఇద్దరు కోడళ్లకూ చెరొకటి ఇచ్చింది.

"జీడిపప్పు కదలకుండా పట్టుకెళ్లు. బట్టీ ముందే నిలబడు. ఎక్కడికీ పోకు," అని అమ్మ డబ్బా నా ఒళ్లో పెట్టింది.

"నిలబడకపోతే ఏమవుతుంది?"

"కేకు మారిపోతుంది."

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా మారిందా?"

"ఎందుకు మారుతుంది? నేను నిలబడేదాన్నిగా!"

నేను జాలిగా నవ్వాను. సరిగ్గా ఇలాంటివాళ్ల గురించే నూట నలభయ్యో పేజీ చుట్టుపక్కల ఉంది.

ఆటోలో కూర్చున్నాను. ఒళ్లో డబ్బా. డబ్బాలో, ముద్దలా చిక్కగా ఉన్న పిండి మీద, అయిదు జీడిపప్పులు. ఉదయం నేను తిన్నది రెండు ఇడ్లీలు. ఈ అయిదు పప్పులే కేకును కాపాడుతున్నాయని అమ్మ నమ్మకం. రుజువేది? పరీక్షించకుండా నమ్మడం మూఢత్వం. ఒకటి తీసి తిన్నాను. ఆకాశం విరిగి పడలేదు. ఒక్కసారి చేస్తే ప్రయోగం అనరు కనుక రెండోది తిన్నాను. మూడు మిగిలితే సిలువలా లేదు, సైకిలు సీటులా ఉంది. అలా సగం గుర్తు ఉంచడం కంటే పూర్తిగా తీసేయడమే గౌరవమని మిగతావీ తినేసి, పైన వేలితో చదును చేశాను. వేలు కూడా నాకాను. దాన్ని ప్రయోగంలో కలపకండి.

యాదగిరన్న డబ్బా అందుకుని, ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూశాడు.

"ఏందే తమ్మీ, మీ అమ్మ జీడిపప్పు పెడ్తది గద. యాడ పోయినయ్?"

"ఈసారి పెట్టలేదన్నా. గుర్తుతో పనేముంది?"

"పనేముందా? గీ డబ్బాలు చూడు. అన్నీ ఒక్కతీరుగ లేవా?"

"నీ బట్టీలో ఎప్పుడైనా ఒకరి కేకు ఇంకొకరికి పోయిందా?"

"నా ఉమర్‌ల పోలే."

"చూశావా? ఎప్పుడూ జరగని దానికి భయమెందుకు?"

యాదగిరన్న బట్టీ తలుపు మూసి, చేతులు దులుపుకుని, నా వైపు తిరిగాడు. "గుర్తులుంటయ్ గాబట్టి పోలే. దిమాగ్ యాడన్న కుదువ పెట్టి వచ్చినవా?"

ఆ ఒక్క వాక్యంలో నా మూడు వందల పేజీలకూ జవాబుంది. నేను మాత్రం, పాపం చదువుకోనివాడని సరిపెట్టుకుని, పక్కనున్న హోటల్లో కూర్చుని పుస్తకం తెరిచాను. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, అరవై పేజీలు. తిరిగి వచ్చేసరికి డబ్బాలు చాలావరకు వెళ్లిపోయాయి.

"గుర్తు లేనియి రెండే రెండుండె," అన్నాడు యాదగిరన్న. "ఒకటి కార్ఖానా అమ్మ రంగు చూసి మరీ తీస్కపోయింది. ఇగ ఇది మిగిలింది."

"అయితే ఇది మాదే. సింపుల్ లెక్క."

"నువ్వే నిలబడి ఉంటే లెక్కతోని పనే లేకుండె," అన్నాడాయన.

కార్ఖానా అమ్మ అంటే ఎవరో నాకు తట్టలేదు. అనుకోని సంఘటనల గురించి అరవై పేజీలు అప్పుడే చదివి వచ్చినవాడికి అనుకోనిది కళ్ల ముందుంటే ఎలా తడుతుంది! నా బెంగంతా సిలువ గురించే. జీడిపప్పు తిననేల, మళ్లీ గుచ్చనేల అనుకుంటూ మోండా మార్కెట్లో జీడిపప్పు కొని, వేడి కేకులో అయిదు గుచ్చాను. మిగిలినవి ఏమయ్యాయో అడక్కండి.

"ఇవేంట్రా ఇంత తెల్లగా ఉన్నాయి?" అంది అమ్మ.

"బట్టీ కొత్తగా రిపేరు చేయించాడమ్మా. వేడి కింది నుంచే వస్తోంది."

అమ్మ కేకును వెన్న కాగితంలో చుట్టి, పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద బైబిలంత బరువైన చూపొకటి పెట్టింది. అక్క ముందే కోయాలని పట్టుదల. క్రిస్మస్ నాడు మాకు కజ్జికాయలే గతి.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మ వచ్చింది, చేతిలో గుడ్డ కప్పిన పళ్లెంతో. క్రిస్మస్ పళ్లెం ఖాళీగా రాదు, ఖాళీగా పోదు. అందులో ఆమె కేకు ముక్కలు. పెద్దనాన్న మాత్రం పైకి రాలేదు. గల్లీ మొదట్లో చాయ్ బండి దగ్గర ఆగి, ఫలితం కోసం చూస్తున్నాడు. అన్నదమ్ముల మధ్య ఒప్పందం ఇదీ: ఒక మిస్డ్ కాల్ ఇస్తే పైకి రావాలి, రెండిస్తే స్కూటర్ స్టార్ట్ చేసి ఉంచాలి.

"రా అక్కా."

"వచ్చిన."

మూడేళ్లలో అవే మొదటి మాటలు. నాన్న కళ్లు చెమర్చాయి.

"చలి బాగా ఉంది ఈసారి," అంది అమ్మ.

"కార్ఖానల ఇంకా ఎక్కువుంది," అంది పెద్దమ్మ. చలిలో కూడా పోటీయే.

అమ్మ చిన్న ప్రార్థన చేసింది. అందులో శాంతి సమాధానం అనే మాట నాలుగుసార్లు వచ్చింది. తర్వాత కేకు కోసి అందరికీ పెట్టింది. నేను ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ముక్కుల్లోంచి వెచ్చటి ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. మా అమ్మ కేకు ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ అలాంటి పని చేయలేదు. అప్పుడు, అప్పుడు మాత్రమే, కార్ఖానా అమ్మ ఎవరో నాకు తట్టింది. నా ఎదురుగా కూర్చుని నములుతున్నది ఆవిడే.

పెద్దమ్మ చాలాసేపు నమిలింది.

"మంచిగనే ఉంది," అంది. తర్వాత ఒక గుటక. "జెర..."

"జెర?" అంది అమ్మ.

"ఏం లేదులే. జెర చప్పగుంది. ద్రాక్షరసం ఏస్తే గింతే గద. దాంట్ల దమ్ము యాడికెళ్లొస్తది?"

తన చేత్తో సీసాడు రమ్ము పోసిన కేకు! అమ్మ ముఖం గట్టిపడింది. మర్యాదగా పెద్దమ్మ పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని కొరికింది. కొరికీ కొరకగానే దగ్గు అందుకుంది.

"అమ్మో! గొంతు మండిపోతోందక్కా. ఈసారి సీసాతో ఊరుకోలేదా, పీపా దించారా? ఏమండీ, ఆ కిటికీ కాస్త తెరవండి. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

తన చేత్తో పోసిన ద్రాక్షరసానికి మా అమ్మకు కళ్లు తిరిగాయి. నేను వేరే ఎవరింట్లోనో ఉంటే చప్పట్లు కొట్టేవాణ్ని. పుస్తకమంతా కాళ్లొచ్చి నా ముందు కుర్చీల్లో కూర్చుంది. కానీ నాన్న వేలు అప్పటికే ఫోను బటన్ మీదికి వెళ్లింది.

"ఏందీ రత్నం, మళ్లా షురూ చేసినవ్?" అంది పెద్దమ్మ అమ్మతో.

"నేనా? చప్పగా ఉందని ఎవరన్నారు?"

"ఉన్నదున్నట్టు చెప్పిన. గీ కేకు గుర్రాలకు పెడితే సుత మూతి తిప్పుకుంటయ్."

"మీ కేకు గుర్రాలకు పెడితే రేసులోంచి తీసేస్తారు!"

పెద్దమ్మ లేచింది. చెప్పుల కోసం చూసింది. నాన్న ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, రెండోదానికి వేలెత్తారు. ఆ ముఖం చూడలేకపోయాను. ఇంకో మూడేళ్లు అన్నకు దారి చూపించే బాటసారిగా బతకాలేమోనన్న దిగులు అందులో ఉంది. నోరు విప్పకూడదన్న ఆజ్ఞ గుర్తొచ్చింది. అయినా విప్పాను.

"పెద్దమ్మా, ఆగు! నువ్వు తిట్టింది నీ కేకునే! అమ్మా, నీకు కళ్లు తిరిగింది నీ ద్రాక్షరసానికే!"

ఆటో, ఆకలి, ప్రయోగం, హోటల్, అన్నీ చెప్పేశాను. ఇద్దరూ నమ్మలేదు.

"నా కేకు నాకు తెల్వదా?" అంది పెద్దమ్మ.

"నా కేకు నాకు తెలియదా?" అంది అమ్మ. "ఇవి కూడా ఆ పుస్తకంలోవేనా?"

కేకులోంచి ఒక జీడిపప్పు పీకి చూపించాను. అది కొట్లోంచి ఇప్పుడే వచ్చినట్టు తెల్లగా మెరిసింది. "బట్టీలోకి వెళ్లొచ్చిన పప్పు ఇలా ఉంటుందా అమ్మా?"

అమ్మ పప్పును చూసింది. పెద్దమ్మ అమ్మను చూసింది. ఇద్దరూ ఒకేసారి నాన్న వైపు తిరిగారు. ఆయన అప్పటికి నాలుగో ముక్క మీద ఉన్నారు.

"ఏమండీ, మీరు చెప్పండి. ఇదెవరి కేకు?"

నాన్న నమలడం పూర్తి చేశారు. మీసం తుడుచుకున్నారు. "వదినది."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి ముక్కకే."

"మరి చెప్పలేదేం?"

"మూడేళ్లయింది తిని," అన్నారు నాన్న. "చెబితే పళ్లెం తీసేస్తారని."

పెద్దమ్మ మెల్లగా మళ్లీ కూర్చుంది.

"నిన్న మా ఆయన సుత గట్లనే," అంది చివరికి, నేల చూస్తూ. "మూడు ముక్కలు తిని, ఈసారి కుదిరిందే అన్నడు. పెండ్లయి ముప్పై ఏండ్లాయె, గా మాట ఎన్నడనలే."

అమ్మ పెదవి ఒక కొసన వణికింది. "బావగారు అన్నారా? నిజంగానా అక్కా?"

"ఎక్కువ మురవకు. నీ మొగుడు నాలుగు తిన్నడు."

ముందు అమ్మకు నవ్వొచ్చింది. తర్వాత పెద్దమ్మకు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఇద్దరూ ఊగి ఊగి నవ్వారు. నేనూ నవ్వాను. అదే నా రెండో తప్పు.

"అసలు జీడిపప్పు తిన్నదెవడు?" అంది పెద్దమ్మ, నవ్వాపి.

"వీడే అక్కా. గొడుగు తీసుకెళ్లమంటే పాఠం చెబుతాడు."

"నిలబడమంటే నిలబడడా?"

"కూర్చోవడం తప్ప ఇంకేమొచ్చు వీడికి!"

"గింత పొడుగైండు, ఒక కేకు మోసే తెలివి లేదా?"

తర్వాత ముప్పావుగంట తోడికోడళ్లు వంతులవారీగా నన్ను ఉతికారు. ఒకరు తడిపితే ఒకరు పిండారు. మూడేళ్లుగా దాచుకున్న మాటలన్నీ నా పేరున ఖర్చయిపోయాయి. మధ్యలో పెద్దనాన్న స్కూటర్ తాళాలు చేత్తో పట్టుకుని బెదురుగా వచ్చాడు. ఒకటా రెండా తేలని మిస్డ్ కాల్ ఆయన్ను గుమ్మం దాకా తెచ్చింది. రెండు పళ్లేలూ ముందు పెట్టి, ఏది బాగుందో చెప్పమన్నారు. ఆయన రెండు చేతులతో రెండు ముక్కలు తీసుకుని, రెండూ ఒకేసారి నోట్లో పెట్టుకుని, ఇక మాట్లాడే వీలు లేదని సైగ చేశాడు. ముప్పై ఏళ్ల సంసారం ఊరికే నిలబడదు.

వాళ్లు వెళ్లాక నాన్న నన్ను వరండాలోకి పిలిచారు. నా డిగ్రీ రిజల్ట్ వచ్చిన రోజు కూడా ఆయన కళ్లలో చూడని గౌరవం అప్పుడు చూశాను.

"నిజం చెప్పరా. వాళ్లిద్దర్నీ కలపాలని నువ్వే కావాలని మార్చావు కదూ?"

నిజమేమిటో మీకు తెలుసు. ఆకలేసింది, తిన్నాను.

"మరి? మొదటి నుంచీ నా ప్లాను అదే నాన్నా," అన్నాను.

ఆయన నా వీపు తట్టారు. ఇప్పటికీ చుట్టాలందరికీ మావాడి ప్లాను అనే చెబుతుంటారు.

మర్నాడు పుస్తకంలో మిగిలిన పేజీలు చదివాను. చివరి అధ్యాయం సారాంశం ఇది: పొరపాటున మంచి జరిగిపోతే, అది తన పథకమేనని తర్వాత చెప్పుకు తిరిగేవాడిని మించిన మూర్ఖుడు లోకంలో ఉండడు. నా ఫోటో ఒక్కటే అచ్చు వేయలేదు.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ పుస్తకమైనా చివరి పేజీ దాకా చదవనిదే ఇంట్లో ఎవరికీ బుద్ధి చెప్పను. అక్కడిదాకా చదివితే ఎలాగూ చెప్పే ముఖం ఉండదు కనుక, ఈ ప్రమాణం తప్పే ప్రమాదం లేదు.